రేకుల కింద వాక్యం

ఆ ఏడు వానను నేను తిట్టినన్ని తిట్లు ఇన్నేళ్ల కాపురంలో మా ఆయన్ని కూడా తిట్టి ఉండను. మే నెలలోనే మొదలైంది. ఆవకాయకని మార్కెట్లో మామిడికాయలు ముక్కలు కొట్టించుకుని ఇల్లు చేరేలోపు ముక్కలూ నేనూ కలిసి తడిసి ముద్దయ్యాం. ఎండాకాలపు వానే కదా, నాలుగు ఉరుములు ఉరిమి పోతుందిలే అనుకున్నాను. పోలేదు. జూన్‌లో రావలసింది జూన్‌లో వచ్చింది, జూలైలో రావలసింది జూలైలో వచ్చింది, వేరే ఊళ్లకు పోవలసింది కూడా దారి తప్పి మా మీదికే వచ్చింది. దసరా వచ్చేదాకా ఆకాశం నిండు వారం తెరిపి ఇచ్చిన గుర్తు నాకు లేదు.

మేముండేది నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఒక పాత బిల్డింగు పై అంతస్తులో. కిరాయి ఇల్లు. లోపలి రెండు గదులకు స్లాబు ఉంది, ముందున్న హాలుకు ఇనుప రేకులు. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే మనుషులు అప్పడాల్లా వేగుతారు. వానాకాలం కూర్చుంటే పక్కమనిషి మాట వినబడదు. అందుకని దాన్ని హాలు అనడమే గానీ, చెప్పులు విడవడానికీ, నీళ్ల డబ్బాలు పెట్టడానికీ తప్ప ఎవరమూ అక్కడ కూర్చునేవాళ్లం కాదు.

ఆ ఏడు హాలంతా బట్టలే. సుల్తాన్ బజార్ నుంచి ప్లాస్టిక్ తాళ్లు తెచ్చి ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టాను. ఇంటికొచ్చిన వాళ్లు మా ఆయన ప్యాంట్ల కిందినుంచి తలొంచుకుని లోపలికి రావలసిందే. ఉతికిన బట్ట ఆరేది కాదు, ఆరినా వాసన పోయేది కాదు. ఉప్పు జాడీలో ఉప్పు నీరైంది. ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, వేసుకునే నా మంచి చెప్పులకు పచ్చటి బూజు పట్టింది. వానాకాలం ఎంత బాగుంటుందో, వేడివేడి మిర్చి బజ్జీలు తింటూ కూర్చోవచ్చు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. వాళ్లింట్లో బట్టలు ఉతికేది వాళ్లు కాదన్నమాట.

నేను అబిడ్స్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో బిల్లు కౌంటరు దగ్గర పనిచేస్తాను. మా ఆయనది రైల్వేలో గుమాస్తా పని. నేను దుకాణానికి చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచిపోయి, నీళ్లు కారుతూ కూర్చునేదాన్ని. దుకాణానికి మనుషులే రాలేదు. వానలో అద్దాలు కొనుక్కుని ఏం చూస్తారు? సాయంత్రం కాగానే ఓనరు, "పొండమ్మా, మళ్లా రోడ్లన్నీ మునుగుతయ్, ఇండ్లకు పొండి" అని పంపించేసేవాడు.

ఇంత తిట్టిన నేను, ఇప్పుడు ఆ వానల సంగతి ఎవరైనా ఎత్తితే నోరు మూసుకుంటున్నాను. కారణం మా అమ్మాయి.

మా అమ్మాయిది అప్పుడు డిగ్రీ ఆఖరి ఏడు. చిన్నప్పటి నుంచీ దానికి నత్తి. మాట మొదట్లోనే ఆగిపోతుంది. పెదాలు బిగుసుకుంటాయి, మెడ మీద నరం పైకి తేలుతుంది, చూపు నేలకు దిగిపోతుంది. నాతో వంటింట్లో ఒక్కర్తే ఉన్నప్పుడు కొంత నయం. నలుగురు చేరితే మాత్రం నోరు తెరవదు. తెలివి లేక కాదు. ఆ ఏడు అది దోమల మీద ప్రాజెక్టు తీసుకుంది. మా బిల్డింగు మీది నీళ్ల ట్యాంకుల్లో, పూలకుండీల కింద పళ్లేల్లో దోమపిల్లలు ఎలా పెరుగుతున్నాయో సీసాల్లో పట్టి చూసేది. వాన దానికి కావలసినన్ని దోమల్ని ఉచితంగా ఇచ్చింది. రాత అంతా ముత్యాల్లా రాసింది. రాస్తే సరిపోదు, దసరా సెలవులయ్యాక వైవా ఉంటుంది. వేరే కాలేజీ నుంచి వచ్చిన లెక్చరర్ల ముందు నిలబడి నోటితో చెప్పాలి. అందులో పోతే డిగ్రీ పోయినట్టే.

కాలేజీ తెరిచిన కొత్తలోనే నాకు చెప్పేసింది. "పరీక్షలన్నీ రాస్త అమ్మా. ఆ వైవాకు మాత్రం పోను. డిగ్రీ రాకపోతే రాకపాయె."

నేను బతిమాలాను, కసిరాను, రెండూ పనిచెయ్యలేదు. దాని భయానికి కారణం ఎక్కడో కాదు, మా ఇంట్లోనే ఉందని అప్పటికి నాకు తెలియదు.

మా క్రైస్తవుల ఇళ్లల్లో సాయంత్రం పూట కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒక పాట పాడతాం, ఇంటాయన బైబిల్లో ఒక అధ్యాయం చదువుతాడు, తర్వాత వరసగా ఒక్కొక్కరం కంఠతా వచ్చిన వాక్యం ఒకటి చెప్పాలి. చివర పెద్దవాళ్లు ప్రార్థన చేస్తారు. మా ఇంట్లో పెద్ద మా అత్తమ్మ. మెదక్ వైపు మిషన్ బడిలో జీవితమంతా పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి. మాది గుంటూరు వైపు. పెళ్లైన కొత్తలో నేను "అత్తయ్యగారూ" అని పిలిస్తే, "గారు ఏందే, నేనేమన్న దవాఖానల డాక్టరమ్మనా? అత్తమ్మా అను" అంది. అప్పటినుంచీ అత్తమ్మే. ఆవిడ దగ్గర వాక్యం తప్పు చెప్పి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. మా ఆయన డ్యూటీ చేసి అలిసి వచ్చిన రోజున అన్నింటికన్నా చిన్న వాక్యం ఒకటి చెప్పేసి ఊరుకునేవాడు. "నీకు గదొక్కటే వస్తదా? ఒకటో తరగతిల నేర్పిన, గిప్పటిదాక గదే నడిపిస్తున్నవ్" అని కొడుకుని కూడా వదిలేది కాదు.

అందరికీ అన్ని వాక్యాలూ నోటికొచ్చిన చోట ఒక చిక్కుంది. మా పిల్ల మొదటి మాట దగ్గర ఆగగానే మిగతాది మాకు తెలిసిపోతుంది. తెలిశాక నోరు ఊరుకోదు. అది పెదాలు బిగబట్టి పెనుగులాడుతుంటే చూడలేక, వాళ్ల నానమ్మ అందుకునేది. నానమ్మతో నేను, నాతో మా ఆయన. అందరం కలిసి వాక్యం ఒడ్డుకు చేర్చి, "ఆమెన్" అని సంతోషపడేవాళ్లం. పిల్లకు సాయం చేశామనే అనుకున్నాం. బయటివాళ్లెవరికీ ఈ పొరపాటు చెయ్యడానికి వీలుండదు, వాళ్లకు ఆ వాక్యాలు రావు కాబట్టి.

అంతకు రెండేళ్ల ముందు మా అత్తమ్మకు కంటి ఆపరేషన్ బాగా జరిగిందని ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. చుట్టాలు, గుడివాళ్లు, ఇల్లంతా జనం. మా అమ్మాయి నానమ్మ కోసమని పెద్ద వాక్యం ఒకటి పట్టుబట్టి నేర్చుకుంది. లేచి నిలబడింది, మొదలుపెట్టింది, మూడో మాట దగ్గర ఆగింది. అంతే, ఇంటినిండా ఉన్నవాళ్లు ఒక్క గొంతుతో మిగతాదంతా అప్పజెప్పేశారు. చివరకు ఒక పెద్దావిడ చప్పట్లు కూడా కొట్టింది. అందరివీ ప్రేమగల మొహాలే. మా పిల్ల నిలబడ్డ చోటే కూర్చుంది. మర్నాటి నుంచి వాక్యం చెప్పడం మానేసింది. దాని వంతు రాగానే తల వంచుకునేది. దాని తరఫున కూడా వాళ్ల నానమ్మే చెప్పేది. కొన్నాళ్లకు అదే అలవాటైపోయింది.

వానలు పడిన ఏడు, జూలై మధ్యలో స్లాబు కారడం మొదలుపెట్టింది. అదీ ఎక్కడ, మా అత్తమ్మ మంచం మీద. ఆ గది ఆవిడ గది. స్లాబు గది అని ఆవిడకు గొప్ప. మా ప్రార్థన జరిగేదీ అందులోనే. ముందు చుక్కా చుక్కా, తర్వాత ధార. గిన్నె పెట్టాం, బకెట్టు పెట్టాం. ఇంటి ఓనరు కింద వాటాలోనే ఉంటాడు, అందరూ సేట్ అంటారు. వెళ్లి చెప్తే పైకొచ్చి తలెత్తి చూసి, "జర ఓపిక పట్టుండ్రి అమ్మా. వాన ఆగినంక చేపిస్త" అన్నాడు.

"వాన ఆగాక మాకెందుకు సేట్ చేయించడం?" అన్నాను. నవ్వి కిందికి దిగిపోయాడు.

మా ఆయన బేగం బజార్ పోయి నీలం రంగు టార్పాలిన్ పట్టా ఒకటి తెచ్చి స్లాబు మీద పరిచి రాళ్లు పెట్టాడు. నీళ్లు పట్టా కిందికి దూరి, మరింత నింపాదిగా దిగాయి. విచిత్రం ఏమిటంటే, మేం చులకనగా చూసిన రేకుల హాల్లోకి ఒక్క చుక్క రాలేదు. చేసేది లేక బట్టల తాళ్లు ఓ పక్కకు జరిపి, మంచం హాల్లోకి తెచ్చాం. మంచంతోపాటు మా అత్తమ్మ వచ్చింది, ఆవిడతోపాటు ప్రార్థనా వచ్చింది.

మొదటి సాయంత్రమే ఆవిడకు కోపం ముంచుకొచ్చింది. పైన రేకుల మీద కంకర లారీ గుమ్మరిస్తున్నట్టు ఒకటే మోత. మేం పాడిన పాట మాకే వినిపించలేదు. మా ఆయన అధ్యాయం చదువుతుంటే పెదాలు కదులుతున్నాయి, అంతే.

"గీ రేకుల కింద చేస్తే దేవునికి గూడ ఇనబడదు!" అని నా చెవి దగ్గర అరిచింది.

"ఆయనకు వినబడుతుంది అత్తమ్మా! మనకే వినబడదు!" అని నేనూ అరిచాను.

దానికితోడు సాయంత్రమైతే చాలు కరెంటు పోయేది. ఇంట్లో ఛార్జింగ్ లైటు ఒకటే. ఎవరి వంతు ఎప్పుడయిందో, తర్వాతి వంతు ఎవరిదో మాట వినబడితే కదా తెలిసేది. అందుకని మా అత్తమ్మ ఒక పద్ధతి పెట్టింది, ఎంతైనా టీచరు కదా. వాక్యం చెప్పేవాళ్లు లైటు చేతిలో పట్టుకోవాలి, చెప్పడం అయ్యాక పక్కవాళ్లకు ఇవ్వాలి. లైటు చేతులు మారిందంటే వాక్యం అయిందన్నమాట. వానకు దుకాణం పెందలాడే మూస్తున్నారు, రైళ్లు ఆలస్యమైనా మా ఆయన కుర్చీ పని కాబట్టి వేళకే వస్తున్నాడు, అమ్మాయికి కాలేజీ సగం రోజులు సెలవే. నలుగురం రోజూ చీకటిపడే వేళకు ఇంట్లో ఉండడం ఎన్నేళ్ల తర్వాతో. పోనీలే, ఈ ఒక్కటైనా బాగుంది అని ఆ రోజుల్లోనే అనుకున్నాను.

ఆగస్టులో ఒక సాయంత్రం. మాంచి జోరు వాన. లైటు మా ఆయన నుంచి నాకు, నా నుంచి అమ్మాయికి వచ్చింది. అది మామూలుగా అందుకున్న చేత్తోనే నానమ్మకు ఇచ్చేస్తుంది. ఆ రోజు ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుంది. తల వంచుకునే ఉంది గానీ లైటు వెలుగులో పెదాలు కదలడం కనిపించింది. కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. ఏం చెబుతోందో ఒక్క ముక్క వినబడలేదు. ఎక్కడ ఆగిందో తెలియదు, ఏ వాక్యమో తెలియదు. మా ముగ్గురి నోళ్లూ సాయానికి సిద్ధంగానే ఉన్నాయి, కానీ దేనికి సాయం చెయ్యాలో తెలిస్తే కదా. అలా చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి తలెత్తి, లైటు నానమ్మ చేతిలో పెట్టింది.

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఆ రేకుల మోతలోనూ అదొక్కటే నాకు వినిపించింది.

ఎవరమూ ఏమీ అనలేదు. అంటే మళ్లీ మానేస్తుందని అందరికీ లోపల భయం. వంటింట్లోకి మా ఆయన నా వెనకే వచ్చాడు.

"చెప్పిందా?"

"నోరు కదిలింది."

"ఏం చెప్పింది?"

"మీకు వినబడిందే నాకూ వినబడింది" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకుని, ఉల్లిగడ్డలు నేను కొయ్యకపోయినా, "ఉల్లిగడ్డ ఘాటు" అన్నాడు.

అప్పటినుంచి వాన పడ్డప్పుడల్లా చెప్పింది, పడని రోజంటూ లేదు కాబట్టి రోజూ చెప్పినట్టే. మొదట్లో చిన్నవి చెప్పి ఉంటుంది, లైటు తొందరగా చేతులు మారేది. పోనుపోను ఒళ్లో ఎక్కువసేపు ఉండసాగింది. తల పైకి లేచింది. సెప్టెంబరు వచ్చేసరికి, పాటలు పాడేటప్పుడు మేం ఎలా అరుస్తామో అలా, గొంతెత్తి చెప్పడం తెలుస్తోంది. అయినా మాటలు అందేవి కావు. మా అత్తమ్మకు ఇదే పెద్ద బాధ అయింది. "తప్పులు జెప్తున్నదో ఏందో! ఎట్ల తెలుస్తది నాకు?" అని నా దగ్గర గొణిగేది. మంచం మీద నుంచి ముందుకు వంగి వంగి చెవి పెట్టేది. వాన ఆవిణ్ణి కూడా దగ్గరికి రానివ్వలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం తడిబట్టలను ఇస్త్రీపెట్టెతో ఆరబెడుతూ, అమ్మాయితో మెల్లగా కదిపాను. "రేకుల కింద నీకు నత్తి రావడం లేదా ఏంటి?"

అది చొక్కా చేతులు మడతపెడుతూ ఆలోచించింది. "త-తక్కువ వస్తది. నా గొంతు నాకే ఇనబడదు గదా. కానీ గది కాదు." కొంచెం ఆగింది. నేనూ ఆగాను, ఇస్త్రీపెట్టె చేతిలో ఉండబట్టి. "ఆగినా మీరు మధ్యలకు రారు. మాట ఆగిపోయినప్పుడు, జరసేపు అట్లనే ఉంటే, మళ్లా వస్తదమ్మా. నాకు తెల్వదు ఇన్ని రోజులు. వ-వచ్చేలోపలే మీరందరు చెప్పేస్తుంటిరి."

ఇరవై ఏళ్లు పెంచాను. నత్తికి వస పోశాను, డాక్టర్లకు చూపించాను, ఉపవాసాలుండి ప్రార్థన చేశాను. ఆగిన మాట దానంతట అదే తిరిగొస్తుందని, అది వచ్చేదాకా ఊరుకుంటే చాలని నాకు ఎవరూ చెప్పలేదు. రేకుల మోత చెప్పింది, అది కూడా మా నోళ్లు మూయించి.

"నానమ్మకు చెప్పకు, బాధపడ్తది" అంది అమ్మాయి. చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు.

సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం వాన కుండపోతగా పడుతోంది. లైటు అమ్మాయి ఒళ్లో ఉంది. తలెత్తి, కళ్లు మూసుకుని, గొంతెత్తి చెబుతోంది. ఉన్నట్టుండి, ఎవరో కుళాయి కట్టేసినట్టు వాన ఆగిపోయింది. రేకులు నిశ్శబ్దమైపోయాయి. ఆ నిశ్శబ్దంలో మా అమ్మాయి గొంతు ఒక్కటే, అరుపులా, నడి వాక్యంలో ఉండిపోయింది. ఎంత గట్టి గొంతు దానిది! అన్నేళ్లలో నేను దాని నిండు గొంతు వినలేదు. అది కూడా విన్నట్టుంది. కళ్లు తెరిచింది. మాట ఆగిపోయింది.

కూడిక రోజున చెప్పబోయి ఆగిన వాక్యమే అది. మాకందరికీ మిగతాది తెలుసు. దాని పెదాలు బిగుసుకున్నాయి, మెడ మీద నరం లేచింది. నేను నాలుకను పళ్ల మధ్య పట్టుకున్నాను. మా ఆయన తలెత్తి రేకులవైపు చూస్తున్నాడు. ఆయనకు అమ్మాయి అన్న మాట నేను చెప్పి ఉంచాను, మా అత్తమ్మకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు కదా. అలవాటు ప్రకారం గొంతు సవరించుకుని, తర్వాతి మాట అందుకుంది.

అమ్మాయి చెయ్యెత్తింది. "ఆ... ఆ... ఆగు నానమ్మా."

బడిలో ఎన్ని వందల మందిని కూర్చోబెట్టి నిలబెట్టిన మనిషో ఆవిడ. ఆవిణ్ణి ఆగమన్నవాళ్లను నేను చూడలేదు. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. ఏమంటుందోనని నేను బిగుసుకుపోయాను. ఆవిడ తన మనవరాలి మొహంలోకి చూసింది. ఆ చూపులో ముందు కోపం ఉంది. తర్వాత అది ఎటుపోయిందో పోయింది. కుడిచెయ్యి ఎత్తి, క్లాసులో అల్లరి పిల్లలకు చూపించినట్టు, తన నోటి మీద తనే వేలేసుకుంది.

నలుగురం కూర్చున్నాం. చూరు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు, కింద సందులో ఎవరో ఆటో స్టార్ట్ చేసుకుంటున్న చప్పుడు. ఎంతసేపో నాకు తెలియదు, నాకైతే చాలాసేపు. అప్పుడు మాట వచ్చింది. దాని వెనక ఇంకొకటి. మధ్యలో ఇంకోసారి ఆగింది, ఇంకోసారి అందరం కూర్చున్నాం. చివరి మాట దాకా అదే చెప్పింది. చెప్పి, లైటు నానమ్మకు ఇచ్చింది.

ఆవిడ తన వాక్యం చెప్పనే లేదు. నేరుగా ప్రార్థనలోకి దిగింది. రోజూ దేశాన్నీ, పాలకుల్నీ, రోగుల్నీ, ప్రయాణికుల్నీ తలుచుకుని గానీ మా దగ్గరికి వచ్చేది కాదు. ఆ రోజు ఎవర్నీ తలుచుకోలేదు. "తండ్రీ, బడిల పిల్లలందరికి నోరు ఇచ్చిన అనుకుంటి. నా ఇంట్ల పిల్ల నోరు నేనే గుంజుకుంటి. నా నోటికి జర ఓపిక ఇయ్యి ప్రభువా" అని ఏడ్చేసింది. అమ్మాయి మంచం మీదికి జరిగి ఆవిణ్ణి పట్టుకుంది. నేను, మా ఆయన కూడా ఏడ్చాం. ఆ రోజు ఆయన ఉల్లిగడ్డ మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే మా అత్తమ్మ చట్టం ప్రకటించింది. "పిల్ల మాట్లాడుతుంటే ఎవ్వరు అందుకోవద్దు. ఇంట్లకు వచ్చినోళ్లు గూడ. అందుకున్నోళ్లకు చాయ్ లేదు."

చట్టం చెయ్యడం తేలిక, పాటించడం చూడాలి. నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. "చా... చా..." అని అది ఆగితే చాయా, చాపా అని నా నోట్లో మాటలు క్యూ కట్టేవి. మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. మా అత్తమ్మ పమిట కొంగు నోట్లో కుక్కుకునేది. ఒకసారి గుడి నుంచి పాస్టరయ్యగారు వచ్చి, అమ్మాయి కాలేజీ పేరు చెప్పబోయి ఆగితే ఆయనే అందించారు. మా అత్తమ్మ నావైపు తిరిగి, "చాయ్ వద్దు, మంచినీళ్లియ్యి అయ్యగారికి" అంది. పాపం, ఆయనకు కారణం కూడా తెలియదు. వెళ్లేముందు నేనే జాలిపడి చాయ్ ఇచ్చాను.

దసరా సెలవుల్లో వాన తగ్గుముఖం పట్టింది. సేట్ అన్నమాట ప్రకారం మనుషుల్ని పెట్టి స్లాబు బాగు చేయించాడు. మంచం లోపలికి మారుద్దామంటే మా అత్తమ్మ ఒప్పుకోలేదు. అక్కడే, హాల్లోనే, అమ్మాయిని ఎదురుగా నిలబెట్టి వైవా మొదలుపెట్టింది. "దోమ ఎన్నిదినాల్ల పెద్దగైతది? మగ దోమ ఎందుకు కుట్టది? నాకు సమజ్ అయ్యేటట్టు చెప్పు." తనకు సైన్సు అంతగా రాదు గానీ ప్రశ్న అడగడం వచ్చు. అడిగి, వేలు నోటి మీద వేసుకుని, జవాబు వచ్చేదాకా కూర్చునేది. నేను రొట్టెలు చేసుకుంటూ వినేదాన్ని. పైన మోత లేదు, మాట మధ్యమధ్య ఆగుతూనే ఉంది. నత్తి పోలేదు, పోతుందని ఇప్పుడు నేను ఎదురుచూడటం లేదు. అయినా వైవాకు వెళతానని గానీ, వెళ్లనని గానీ అది మాతో అనలేదు. అడగడానికి మాకు ధైర్యం చాలలేదు.

వైవా రోజున పొద్దున నేను దుకాణానికి బయల్దేరేటప్పటికి అమ్మాయి ఇంకా స్నానం చెయ్యలేదు. ఒకప్పుడైతే పదిసార్లు గుర్తుచేసి ఉండేదాన్ని. ఆ రోజు "వస్తానమ్మా" అని ఒక్కమాట అని మెట్లు దిగాను. దుకాణంలో ఏ బిల్లు ఎలా రాశానో దేవుడికే తెలియాలి. ఎండ కాస్తోంది, పండగ తర్వాత జనం బాగానే ఉన్నారు. మధ్యాహ్నం దాటాక, ఒక పెద్దాయన కొత్త కళ్లద్దాలు తీసుకుని నా ముందుకొచ్చి నిలబడ్డ సమయానికి ఫోన్ మోగింది. చూస్తే అమ్మాయి. అది నాకు ఎప్పుడూ మెసేజీ పెట్టడమే గానీ ఫోన్ చెయ్యదు. ఎత్తి "హలో" అన్నాను.

అటునుంచి మాట లేదు. ఊపిరి వినిపిస్తోంది. వెనక ఆడపిల్లల నవ్వులు, బస్సు హారన్లు. "ఏమైందమ్మా? వెళ్లావా? బాగా అడిగారా? ఏడుస్తున్నావా?" ఇన్నీ నా నాలుక చివరిదాకా వచ్చాయి. పళ్లు బిగబట్టి అన్నీ మింగేశాను. పెద్దాయన కౌంటరు మీద వేళ్లతో చప్పుడు చేస్తూ, "అమ్మా, నా బిల్లు" అన్నాడు. చెయ్యి చూపించాను, ఆగమని.

"అ... అ..." అంది అటునుంచి. ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"అమ్మా, అయిపోయింది. మ-మధ్యల ఆగింది. వాళ్లు అందుకోబోయిన్రు. జర ఆగుండ్రి మేడం, నేనే చెప్త అన్న. అంతా నేనే చెప్పిన."

నాకు కన్నీళ్లు కారిపోతున్నాయి. దుకాణంలో అందరూ చూస్తున్నారు, చూడనీ. పెద్దాయన మాత్రం కంగారుపడి, బిల్లు తర్వాత తీసుకుంటానన్నట్టు సైగ చేశాడు. ఆయనకు పక్కనున్న కుర్చీ చూపించి, ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, "ఇంకా చెప్పు, వింటున్నాను" అన్నాను.